అమ్మ నడుము మీది జాజు

మా గేటుకు వేపమండలు కట్టిన రోజున, రోడ్డు మీద స్కూటీ ఆపుకుని నిలబడ్డ ఒక అమ్మాయిని నేనన్న మాటలు మా వీధిలో చాలామంది విన్నారు. ఆ తర్వాత మంచిర్యాల ఆసుపత్రిలో నాకు తెలిసివచ్చిన సంగతి మాత్రం వాళ్ళెవరికీ తెలియదు. మొదటిది విన్నవాళ్ళకు రెండోది కూడా వినిపించాలని ఇది రాస్తున్నాను. మా పాప గండం గట్టెక్కింది కాబట్టే ఇప్పుడు కూర్చుని రాసే ఓపిక వచ్చింది. ఇటు మహారాష్ట్ర వైపు సిరోంచలో, అంకీసాలో, ప్రాణహిత అవతల చెన్నూరులో, పసిపిల్లలూ ముసలివాళ్ళూ ఒకే మంచంలో పడుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. ముఖ్యంగా వాళ్ళు చదవాలి.

ముందు నా బుద్ధి ఎలాంటిదో చెప్పాలి. సిరోంచలో నాది విత్తనాలు, పురుగుమందుల దుకాణం. నేను దేన్నీ ఒక పట్టాన నమ్మను. సంచి మీద మిరపకాయ బొమ్మ ఎంత ఎర్రగా ఉంటే లోపలి విత్తనాన్ని అంతగా అనుమానిస్తాను. కంపెనీ మనుషులు వచ్చి ముందు పురుగు గురించి మాట్లాడతారు. ఆ పురుగు ఎవరెవరి చేలు నాశనం చేసిందో వర్ణించి, మన గుండెల్లో రాయి పడ్డాక మెల్లగా బ్యాగులోంచి సీసా తీస్తారు. ఏళ్ళ తరబడి ఇది చూసి చూసి, ఎవరు ఏం మాట్లాడినా వీళ్ళ బ్యాగులో ఏ సీసా ఉందోనని ఆలోచించడం నాకు అలవాటైపోయింది. దేవుడే ఎదురుగా వచ్చి నిలబడినా నేను ఆధార్ కార్డు అడుగుతానని మా ఆవిడ సుజాత నలుగురినీ నవ్విస్తుంది. ఈ లోకంలో నేను అనుమానించని మనిషి ఒక్కరే ఉండేది, మా అమ్మ.

మా పెద్దపిల్ల పావనికి నాలుగేళ్ళు. పుట్టగానే ఏడవలేదు. ఆ కాసేపట్లో లోపల ఏం జరిగిందో గాని, కుడి కాలూ కుడి చెయ్యీ బిగుసుకుపోయి ఉంటాయి. మాటలొచ్చాయి, పాటలొచ్చాయి, నడక మాత్రం రాలేదు. దాని తర్వాత పుట్టిన బాబు అప్పటికి ఏడాది నిండి గోడలు పట్టుకుని నడుస్తున్నాడు. వాడు అడుగు వేసినప్పుడల్లా పావని కూర్చున్న చోటి నుంచే చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్లు చూడలేక నేను పని ఉన్నా లేకున్నా దుకాణానికి వెళ్ళిపోయేవాణ్ణి. అది నిలబడితే చాలు, నడక సంగతి తర్వాత చూసుకుందాం అనేది మా ఇంట్లో అందరి కోరిక.

చలికాలం

బడికి పోలేని పిల్లలకు సర్కారే ఇంటికి వచ్చి కసరత్తులు చేయించే మనిషిని పంపుతారని విని, సుజాత ఎవరెవరినో పట్టుకుని పావని పేరు రాయించింది. వారానికి రెండుసార్లు వస్తారు, ఊరికే వస్తారు అన్నారు. ఊరికే అన్న మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది.

వచ్చిన అమ్మాయి పేరు మనీషా. ఆలాపల్లి వైపు మరాఠీ మనిషి. సిరోంచలో గది తీసుకుని ఉంటూ, స్కూటీ మీద అంకీసా, అసరెల్లి, ఇంకా లోపలి ఊళ్ళు తిరుగుతుంది. మా తెలుగు వచ్చీరాకుండా మాట్లాడేది. మరాఠీలో అన్నను పిలిచినట్టు నన్ను భావూ అని, నానమ్మను పిలిచినట్టు అమ్మను ఆజీ అని పిలిచేది. పావని పాదాన్ని అరచేతిలో పట్టుకుని మెల్లగా పైకి వంచుతుంటే పిల్ల ఏడ్చేది. నేను తలుపు పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవాణ్ణి. ఎముక విరిగితే ఎవరిది పూచీ అని ఒకసారి అడిగాను. ఇన్ని ఇళ్ళు తిరిగి వస్తున్నావు, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిల్లను ముట్టుకోమని కూడా చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు. తర్వాతి సారి నుంచి చెప్పకముందే పెరట్లోకి పోయి కడుక్కుని వచ్చేది. మనిషికి ఇంత ఓపిక ఉంటుందా అని నాకు అదొక అనుమానం.

కుర్చీ పట్టించినా, మంచం కోడు పట్టించినా పావని నిలబడేది కాదు. మోకాళ్ళ మీదికి లేచి కూలబడేది. ఒకరోజు అమ్మ ఎత్తుపీట వేసుకుని, గోడ వైపు తిరిగి మిరపకాయల తొడిమలు తీస్తోంది. పావని పాక్కుంటూ పోయి, వెనక నుంచి ఆమె నడుమును రెండు చేతులా చుట్టేసింది. చెంప వీపుకు ఆనించి, మెల్లగా, జారుతూ మళ్ళీ పట్టుకుంటూ, లేచి నిలబడింది. అమ్మ కదల్లేదు. ఎవరే నా ఎనుకకెళ్ళి అని మాత్రం అడిగింది. పావని నవ్వింది. సుజాత చేతిలోని గిన్నె పక్కన పెట్టేసి కూర్చుండిపోయింది. ఏడుస్తోందని నాకు తర్వాత తెలిసింది, ఎందుకంటే నేనూ అదే పనిలో ఉన్నాను.

మనీషాకు చెబితే ఆమె కుర్చీని గది బయట పెట్టించింది. అమ్మ దగ్గర గొంతుక్కూర్చుని, "ఆజీ, ఇగ కుర్చీ వద్దు, గోడ వద్దు. నీ నడుమే దీని గోడ" అంది.

అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం అదే పని. అమ్మ పీట మీద కూర్చునేది, పావని ఆమె నడుము పట్టుకుని లేచేది. రాత్రి కూడా నానమ్మ పక్కనే, ఆ నడుము మీదే చెయ్యేసుకుని పడుకునేది.

అంతా బాగుందనుకుంటుండగా మనీషా టీకా మాట తెచ్చింది. అంకీసాలో ఒక ఇంట్లో పిల్లలకు కాంజణ్యా లేచాయని, తను ఆ ఇంటికి పోవడం ఆపేశానని చెప్పింది. మరాఠీలో కాంజణ్యా అంటే మనం తల్లి అనేది, పుస్తకాల్లో ఆటలమ్మ అని రాసేది. పావనికీ బాబుకూ దానికి టీకా ఉంది, మంచిర్యాలలో వేస్తారు, ఇప్పించమంది. నాకు వెంటనే కంపెనీ మనుషులు గుర్తొచ్చారు. ముందు పురుగు, తర్వాత సీసా.

నేను ఆశా వర్కరును అడిగాను. ఆమె మా పిల్లల టీకాల కార్డు తిరగేసి, అది మా డబ్బాలో రాదన్నా, బయట వేయించుకునేవాళ్ళు వేయించుకుంటారు అంది. సర్కారు వేయనిది ప్రైవేటు వాళ్ళు ఎందుకు వేస్తున్నట్టు అని నేను పట్టుకున్నాను. సుజాత నాతో వాదించింది. అసలే కాలూ చెయ్యీ బాగాలేని పిల్ల, దానికి ఏదైనా వస్తే తట్టుకోగలదా, పోయి వేయించుకొద్దాం అంది. అమ్మ మాత్రం నా వైపు. తల్లి తనకూ చిన్నప్పుడు వచ్చింది, వేపాకు నీళ్ళు పోస్తే చల్లగా పోయింది, దానికి సూదులెందుకు అంది. ఇద్దరం ఒకవైపు అయ్యేసరికి సుజాత ఊరుకుంది. మిరప కోతలు అయిపోనీ, హోళీ దాటనీ, అప్పుడు చూద్దాం అని నేను తీర్మానం చేశాను.

హోళీ

హోళీకి మనీషా ఇంటికి వెళ్ళింది. వారమంతా రానని, కసరత్తులు ఆపవద్దని చెప్పి మరీ వెళ్ళింది.

అదే వారంలో అమ్మకు నడుము ఒక పక్క మంట మొదలైంది. కారం పూసినట్టుందని కూర్చోలేక, పడుకోలేక తిరిగింది. మర్నాటికి అక్కడ గుత్తులుగా నీటి పొక్కులు లేచాయి. చూడగానే మా వీధి ఆడవాళ్ళు అక్కి అని తేల్చేశారు. మా దగ్గర అక్కికి డాక్టరు దగ్గరికి ఎవరూ పోరు. కుమ్మరి పెద్దమనిషి చేత జాజుతో, అంటే ఎర్రమట్టితో, రాయించుకుంటారు. రేగుంటలో అలా రాసే ముసలాయన ఉన్నాడని, బండి మీద నేనే అమ్మను తీసుకెళ్ళాను.

ఆయన రాతి మీద జాజు తడిపి, వేలితో అమ్మ నడుము మీద పొక్కుల చుట్టూ సింహం బొమ్మ గీశాడు. మూతి పొక్కుల వైపు, తోక వెన్ను వైపు. ఎండేదాకా నీళ్ళు తగలకూడదు, వంకాయ తినకూడదు అన్నాడు. ఏమీ తీసుకోలేదు. దేన్నీ నమ్మని నేను ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మా నాన్న కూడా అలాగే రాయించుకున్నాడు, మా తాతా రాయించుకున్నాడు. అనుమానం రావడానికి అందులో కొత్త ఏముంది?

ఇంటికొచ్చాక అమ్మ ఆ సింహాన్ని చూసుకుని మురిసిపోయింది. మంట కొంచెం తగ్గిందంది. పీట మీద కూర్చోవడం మానలేదు. పావని నడుము పట్టుకుంటే నొప్పి పుట్టినా పళ్ళు బిగపట్టుకునేది. పిల్ల అప్పుడే నిలబడడం మరిగింది, నాలుగు రోజులు ఆపితే మళ్ళీ మొదటికొస్తుందని ఆమె భయం. మనీషా చెప్పింది కూడా అదే కదా. పావని అరచేతులు, చెంప, గౌను, అన్నిటికీ జాజు ఎరుపు అంటుకునేది. హోళీ రోజులు కాబట్టి వీధిలో పిల్లలందరూ ఎర్రగానే ఉన్నారు. నేను రంగుల్లో ఏం కలుపుతున్నారోనని భయపడి పావనిని వాకిట్లోకి కూడా పంపలేదు.

మనీషా తిరిగొచ్చిన రోజు అమ్మ చీర అంచుకు ఎరుపు చూసి, హోళీ రంగు ఇంకా పోలేదా ఆజీ అని నవ్వింది. అమ్మ సిగ్గుపడి చీర సర్దుకుంది తప్ప చెప్పలేదు.

ఉగాది

ఉగాది నాడు పచ్చడి నోట్లో పెడితే పావని ఉమ్మేసింది. ఒళ్ళు కాలిపోతోంది. సాయంత్రానికి మెడ కింద, పొట్ట మీద ఎర్రని చుక్కలు, తెల్లారేసరికి అవి నీటి బొబ్బలు. అమ్మ దగ్గరికి వచ్చి చూసి రెండు చేతులూ జోడించింది. ఇక ఆ క్షణం నుంచి మా ఇంట్లో జ్వరం అనే మాట లేదు, మందు అనే మాట లేదు. తల్లి వచ్చింది. గేటుకు వేపమండలు, పిల్ల కింద వేపాకుల పక్క. పోపు పెట్టకూడదు, తల దువ్వకూడదు, బయటి మనిషి లోపలికి రాకూడదు, లోపలి మనిషి ఇంకో ఇంటికి పోకూడదు.

నేను గడ్డం కూడా గీసుకోకుండా కూర్చుని ఒకటే ఆలోచించాను. పిల్ల బయటికి పోలేదు. బడి లేదు. వీధి పిల్లలు రాలేదు. వచ్చిపోయేది ఒక్క మనీషా. తల్లి ఉన్న ఇల్లు తనకు తెలుసని చెప్పింది తనే. టీకా వేయించమని ముందే అంది కూడా. నా బుర్రలో అన్నీ చక్కగా అతికిపోయాయి.

ఆ పూట ఆమె వచ్చే రోజే. గేటు దగ్గర వేపమండలు చూసి స్కూటీ రోడ్డు మీదే ఆపింది. పావనికేనా అని అడిగింది. నేను వాకిట్లోనే నిలబడి, వీధి మొత్తానికి వినపడేలా మొదలుపెట్టాను. ఏ ఇంట్లోంచి మోసుకొచ్చావు, మా పిల్ల మీద నీకేం పగ, ఊరంతా తిరిగి రోగాలు పంచడానికేనా నీకు జీతం ఇచ్చేది అన్నాను. ఇంకా అన్నాను, అవి రాయలేను. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. సుజాత లోపలి నుంచి ఆపమంటోంది. నేను ఆపలేదు.

మనీషా ముఖం ఎర్రబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు.

"నన్ను తిట్టుండ్రి భావూ. కానీ పావని ఊపిరి చూస్తుండుండ్రి. ఊపిరి జోరుగ తీస్తే ఒక్క పూట గూడ ఆగకుండ్రి."

"ఇగ మా గడప తొక్కకు" అన్నాను.

ఆమె స్కూటీ తిప్పుకుని వెళ్ళిపోయింది. నాకు గెలిచినట్టే అనిపించింది.

తర్వాతి రోజులు చాలా మెల్లగా గడిచాయి. పావని ఒళ్ళంతా బొబ్బలే, నాలుక మీద కూడా. దురద పుట్టి ఏడుస్తుంటే సుజాత వేపాకు రెమ్మతో నిమిరేది. అమ్మ ఆ మంచం వదల్లేదు. తల్లీ, చల్లగా చూడు, పసిది, తెలియనిది అని గొణుగుతూనే ఉండేది. అందరికీ వచ్చిపోయేదే కదా అని వీధిలో ధైర్యం చెప్పారు. కానీ మనీషా అన్న మాట నాలో ముల్లులా ఉండిపోయింది. ఆమె మీద కోపంతోనే, ఆమె మాట తప్పని తేల్చడానికే పావని పొట్ట ఎగసిపడడం చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆ పొట్ట ఎగసిపడడం మారింది. దగ్గు మొదలై, ముక్కుపుటాలు కొట్టుకుంటున్నాయి. పిల్ల నానమ్మా అని కూడా అనలేకపోతోంది. నేను సుజాత వైపు చూశాను. ఆమె నన్ను అడగలేదు. దానికి దుప్పటి చుట్టి, ఎదురింటి కారు పిలిపించింది. తల్లి ఒంటి మీద ఉండగా పిల్లను గడప దాటిస్తారా, పొలిమేర దాటిస్తారా అని అమ్మ అడ్డం వచ్చింది.

సుజాత గేటు మీది వేపమండలు తీసి పక్కన పెట్టింది. "అత్తమ్మా, తల్లికి ఎన్ని మొక్కుమంటె అన్ని మొక్కుత. బండి మాత్రం ఆగది" అంది.

 అమ్మ లోపలికి పోయి రెండు చీరలు మూట కట్టుకుని వచ్చి, తనూ కారెక్కింది.

మంచిర్యాల

ప్రాణహిత వంతెన ఎక్కితే మాకు రాష్ట్రం మారుతుంది. అవతల మన కార్డు చెల్లుతుందా, మనల్ని మనుషులుగా చూస్తారా అని ప్రతిసారీ నాకు అనుమానమే. ఆ రోజు మాత్రం అర్జునగుట్ట, చెన్నూరు ఎప్పుడు దాటామో తెలియలేదు. సుజాత పావని చెవి దగ్గర ఏదో పాట పాడుతూనే ఉంది. మధ్యలో ఆగితే పిల్ల ఊపిరి వినాల్సి వస్తుందని పాడుతున్నట్టుంది.

పిల్లల ఆసుపత్రిలో మమ్మల్ని చూడగానే జనం బెంచీల మీంచి లేచి దూరం జరిగారు. వాళ్ళను తప్పు పట్టలేను. నర్సు వచ్చి మమ్మల్ని వెనక వరండాలో వేరుగా కూర్చోమంది. అక్కడ ఒక ముసలాయన మనవడి ఎక్స్‌రే కవరు పట్టుకుని ఉన్నాడు. ఆయన లేవలేదు. నాకు చిన్నప్పుడే వచ్చి పోయింది బిడ్డా, కూసో అన్నాడు. ఆ కవరుతోనే పావనికి విసరడం మొదలుపెట్టాడు. ఈయన బ్యాగులో ఏ సీసా ఉందోనని అప్పుడు కూడా ఆలోచించాను. ఏమీ లేదు. మా పేరు పిలిచేదాకా విసిరి, వెళ్ళిపోయాడు. ఆయన పేరు కూడా అడగలేదు.

పావనిని లోపలికి తీసుకుని ఆక్సిజన్ పెట్టారు. తల్లి ఛాతీలోకి కూడా దిగిందని, ఇంకొక రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పారు. సుజాత పిల్ల దగ్గర ఉండిపోయింది. బాబును చంకనేసుకుని నేను డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను. గదికి తలుపు లేదు, తెర ఉంది. అమ్మ తెర అవతల బెంచీ మీద మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆమె అడగకముందే నేను మనీషా గురించి చెప్పాను. ఎవరి మీద కేసు పెట్టాలో చెప్పమన్నట్టే చెప్పాను. డాక్టరమ్మ అంతా విని, ఆ అమ్మాయికి ఈమధ్య జ్వరం గాని, ఒంటి మీద పొక్కులు గాని వచ్చాయా అని అడిగింది. రాలేదన్నాను. తగిలాక బొబ్బలు లేవడానికి రెండు వారాలు పడుతుందని, హోళీ వారంలో ఆమె ఊళ్ళో ఉందా అంది. లేదన్నాను. అప్పుడు ఆమె కాగితం పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

"మీ ఇంట్ల పెద్దవాళ్ళకు ఎవరికన్న ఈ నడుమ అక్కి లేసిందా?"

అక్కి వేరు, తల్లి వేరు కదా అన్నాను నేను. 

రెండూ ఒకటేనని ఆమె చెప్పింది. చిన్నప్పుడు తల్లి వచ్చి తగ్గినా, అది ఒంట్లోనే ఎక్కడో పడుకుని ఉంటుందట. వయసు మీద పడ్డాక, ఒంట్లో బలం తగ్గాక, అక్కిగా లేస్తుందట. ఆ పొక్కుల నీరు తగిలితే టీకా వేయని, ఇంతకుముందు రాని పిల్లకు తల్లి వస్తుంది. మంచం పొత్తు ఉంటే చాలు, ఇక వాటి మీద చెయ్యి వేసి పడుకునే పిల్లకైతే చెప్పాల్సిన పని లేదు. పెద్దామెది తప్పు కాదు, ఇది చాలామందికి తెలియదు, పొక్కుల మీద శుభ్రమైన గుడ్డ కప్పుకుని ఎండేదాకా పిల్లను దూరం పెడితే సరిపోయేది అంది.

పావని అరచేతుల మీది జాజు నా కళ్ళ ముందుకొచ్చింది. చెంప మీది జాజు, గౌను మీది జాజు. వీధిలోని రంగులకు భయపడి నేను పిల్లను వాకిలి దాటనివ్వలేదు. లోపల, నా కళ్ళ ఎదుటే, నేను మురిసిపోయి చూస్తున్న చోటే అది జరిగింది.

డాక్టరమ్మ బాబును చూసి, వీడికి ఇంకా రాలేదు కాబట్టి ఈరోజే టీకా వేస్తే రాకుండా ఆగవచ్చు, వచ్చినా తేలిగ్గా పోతుంది, వేయించాలా వద్దా మీరే చెప్పండి అంది. సుజాతను అడుగుదామంటే ఆమె లోపల ఉంది. అమ్మను అడిగే ధైర్యం లేదు. నా బుద్ధి ఎక్కడికి పోతుంది, సీసా చూపించమన్నాను. గడువు తేదీ చదివాను. ఏ ఫ్రిజ్‌లో పెట్టారో చూపించమన్నాను. నర్సు విసుక్కుంటూనే తీసుకెళ్ళి చూపించింది. మంచి విత్తనమైనా ఎండలో పెడితే చస్తుందని నాకు తెలుసు, అందుకని అడిగాను. అన్నీ చూశాక ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. వేయండి అన్నాను. వాడు ఏడ్చిన ఏడుపుకు వరండా దద్దరిల్లింది. తర్వాత వాడికి తల్లి రాలేదు. టీకా వల్ల రాలేదా, వాడి అదృష్టమా అంటే ఒట్టేసి చెప్పలేను. కానీ ఇప్పుడు ఎవరైనా అడిగితే, హోళీ దాటాక చూద్దాం అని మాత్రం అనను.

బయటికొచ్చి అమ్మకు ఏమీ చెప్పలేదు. చెబితే తట్టుకోలేదనుకున్నాను. ఆమె కూడా ఏమీ అడగలేదు. పావని ఎట్లుంది అని కూడా అడగలేదు. నాకది వింతగా అనిపించాల్సింది.

ఎండలు ముదిరాక

పావని ఇంటికొచ్చింది. బొబ్బలు రాలి మచ్చలు మిగిలాయి, దగ్గు పోయింది. కానీ కాలు మళ్ళీ కట్టెలా బిగిసింది. మంచం మీద అన్ని రోజులుండి, నిలబడడం అనేది ఎప్పుడూ నేర్చుకోనట్టే మరిచిపోయింది. బాబు నడుస్తుంటే ఇప్పుడు చప్పట్లు కూడా కొట్టడం లేదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే అమ్మ పాతగూడెంలో ఉన్న మా చెల్లెలి ఇంటికి పోతానంది. పావని ఏడుస్తున్నా దగ్గరికి తీసుకోకుండా, దూరం నుంచే చూసి బస్సెక్కేసింది. నేను వెంటనే సుజాతను అనుమానించాను. ఆసుపత్రికి పోయేటప్పుడు అత్తాకోడళ్ళ మధ్య మాట వచ్చింది కదా, ఏదో అని ఉంటుందనుకున్నాను. సుజాత, ఇంటి ముందుకొచ్చిన మనిషినల్లా వెళ్ళగొట్టి, ఇప్పుడు ఇంట్లో వాళ్ళ మీద పడ్డరా అంది.  డాక్టరమ్మ చెప్పింది ఆమెకు ఆ రోజు చెప్పాను. అంతవరకు ఒక్కణ్ణే మోస్తున్నాను.

మర్నాడు మనీషా గదికి వెళ్ళాను. ఆమె గడప దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. నేను జరిగింది చెప్పాను. తప్పైంది అన్నాను. ఆమె అంతా విని తల పట్టుకుంది. వాళ్ళ వైపు అక్కిని నాగిన్ అంటారట. ఆ ఎరుపు తనూ చూసిందట, హోళీ రంగు అనుకుందట. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేదంది. మీరు అన్న మాటలకు కోపం ఉంది భావూ, అది పోవడానికి టైమ్ పడుతది, పావని కోసం మాత్రం వస్తా అంది. అంతకంటే ఎక్కువ నేను అడగలేను.

ఆమె వచ్చింది. చేతులు కడుక్కుని కూర్చుంది. కుర్చీ పెట్టింది, పావని ముఖం తిప్పుకుంది. సుజాత పీట మీద కూర్చుంది, నువ్వు కాదు అంది. నానమ్మ కావాలి. మనీషా నా వైపు చూసింది. నేను బండి తీశాను.

పాతగూడెంలో మా చెల్లెలి ఇల్లు ఇంద్రావతికి దగ్గరే. అమ్మ పందిరి కింద ఒక్కతే కూర్చుని ఉంది. చుట్టూ పిల్లలు ఆడుకుంటున్నారు, ఆమె మాత్రం ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా చీర నడుము చుట్టూ బిగించి దోపుకుంది. పావని నిలబడడం లేదు, నువ్వు రావాలి అన్నాను.

"నేనొస్తె మళ్ళ ఏమన్న అయితది" అంది. "ఆ డాక్టరమ్మ నీకు చెప్పినప్పుడు నేను పరదా ఇవతలనే ఉన్న బిడ్డా. అంత ఇన్న."

 ఆమెకు చెప్పకుండా దాచానని నేననుకుంటుంటే, ఆమె నాకు తెలియకుండా దాచుకుని ఇన్నాళ్ళూ పిల్లను ముట్టుకోకుండా బతికింది. రోజూ ఆ నడుము పట్టుకోమని తనే పిలిచేది. అది తలుచుకున్నప్పుడల్లా అన్నం దిగలేదంది. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. అక్కి ఎండిపోయింది, ఇక ఎవరికీ ఏమీ కాదు, పావనికి ఒకసారి వచ్చిపోయింది కూడా అని డాక్టరమ్మ చెప్పిందే మళ్ళీ చెప్పాను. నా మాట చాలదంది. ఆ స్కూటీ పిల్ల చూసి చెబితే నమ్ముతానంది. నేను ఎవరి కడుపున పుట్టానో ఆ రోజు బాగా అర్థమైంది.

బండి ఎక్కే ముందు ఆగింది.

"ఆ పిల్లను వాడంత ఇనంగ అన్నవ్. నా సంగతి గూడ వాడంత ఇనంగనే చెప్పు."

ఇంటికొచ్చాక మనీషా అమ్మను లోపలి గదిలోకి తీసుకెళ్ళి నడుము చూసింది. ఎండిన మచ్చలు తప్ప ఏమీ లేవు ఆజీ, మంచిగున్నావు అంది. అమ్మ మళ్ళీ అడిగింది, ఆమె మళ్ళీ చెప్పింది. అప్పుడు అమ్మ పీట వేసుకుని, ఎప్పటిలాగే గోడ వైపు తిరిగి కూర్చుంది. వెనక్కి తిరగొద్దని, కదిలితే పిల్ల పడుతుందని మనీషా చెప్పింది. సుజాత బాబును ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది.

పావని పాక్కుంటూ పోయింది. నడుము చుట్టూ చేతులు వేసింది. ఆ చేతులు తగలగానే అమ్మ పీట అంచును గట్టిగా పట్టుకుంది. ఒకసారి జారింది. రెండోసారి మోకాళ్ళ మీద ఆగింది. మనీషా ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు. పావని చెంప నానమ్మ వీపుకు ఆనించి, బిగుసుకున్న కాలును ఈడ్చుకుంటూ లేచింది.

"లేసిందా?" అంది అమ్మ గోడ వైపు చూస్తూనే.

"లేసిందమ్మా."

"నిజంగనేనా, నన్ను సముదాయిస్తున్నవా?"

తిరిగి చూసుకోవడానికి వీల్లేదు. నా మాట నమ్మాల్సిందే. నిజమేనమ్మా అన్నాను.  అంతలో గుమ్మంలో బాబు ఏదో చూసి కిలకిల నవ్వాడు. పావని వాడి వైపు తిరిగింది. వాడి కోసం చప్పట్లు కొట్టబోయి, నడుము మీంచి చేతులు రెండూ తీసేసింది.

అమ్మకు తెలిసిపోయింది. నడుము మీద చేతుల్లేవు. మెడ బిగపట్టి, కదలకుండా, "పడిందా బిడ్డా?" అంది.

"లేదమ్మా" అన్నాను. "నిలవడ్డది."